గోడను తాకకముందే

రొట్టె ముక్కలు టోస్టర్లోంచి పైకి లేచి చాలాసేపయింది. బుడుంగు వాటివైపు చూస్తూ కూర్చుంది గానీ చెయ్యి చాపలేదు. తండ్రి ఒకటి తీసుకుని కొరికాడు. తల్లి తన ముక్కకి వెన్న రాసుకుంది. అప్పుడుగానీ ఆ పిల్ల తన వంతు అందుకోలేదు.

తల్లి చూసీ చూడనట్టు ఊరుకుంది. ఈమధ్య ఆ పిల్ల అన్నీ ఇలాగే చేస్తోంది. బయటికి వెళ్లాలంటే ముందు తల్లి గుమ్మం దాటాలి. రోడ్డు మీద పచ్చ దీపం వెలిగినా, పక్కనున్న జనమంతా అవతలికి చేరేదాకా కాలు కదపదు. ఒకప్పుడు ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేసే పిల్ల, ఇప్పుడు అడిగిందానికి కూడా ఇంకేమైనా అంటారేమోనని ఎదురుచూసి మరీ నోరు విప్పుతోంది.

బుడుంగు అన్నది ముద్దుపేరే. పాకే వయసులో నీళ్ల బకెట్ కనిపిస్తే చాలు, చేతికందిన ప్రతిదాన్నీ అందులో బుడుంగున వేసేది. చెంచాలయ్యాయి, చెప్పులయ్యాయి, తండ్రి కళ్లజోడయింది. ఆఖరికి ఒకరోజు తనే తలకిందులుగా పడి, తీసిన తర్వాత ఏడవకపోగా మళ్లీ వేస్తారా లేదా అన్నట్టు చూసింది. కాలేజీ ఈత పోటీల్లో పతకాలు తెచ్చినా ఇంట్లో మాత్రం ఆ పేరే మిగిలిపోయింది.

ఆ రోజు జరిగింది చెప్పడానికి ఎక్కువ మాటలక్కర్లేదు. కాలేజీల మధ్య రిలే ఈత, ఫైనల్ పోటీ. జట్టులో నలుగురు అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు ఈదాలి. నీళ్లలో ఉన్న పిల్ల చెయ్యి గోడకు తగిలాకే, పైన దిమ్మ మీద నిలబడిన పిల్ల పాదాలు లేవాలి. మూడో పిల్లని జట్టంతా పొడుగక్క అంటారు. చివరిది బుడుంగు. అందరికంటే ముందు గోడ తాకింది బుడుంగే. హాలు హాలంతా లేచి నిలబడింది. అంతలో బోర్డు మీద నుంచి వాళ్ల కాలేజీ పేరు మాయమైంది. పొడుగక్క చెయ్యి గోడను తాకకముందే బుడుంగు దూకేసిందని గోడ దగ్గర నిలబడ్డ జడ్జి చెయ్యెత్తింది. జట్టు మొత్తాన్నీ పోటీలోంచి తీసేశారు.

పొడుగక్కకి అదే ఆఖరి సంవత్సరం. గెలిస్తే జాతీయ శిబిరానికి వెళ్లేది. వచ్చే ఏడు చూసుకుందాంలే అనుకోవడానికి ఆ పిల్లకి వచ్చే ఏడు లేదు. ఇది చాలదన్నట్టు, ఎవరో పనిలేనివాళ్లు బుడుంగు దూకిన ముక్కను కత్తిరించి, దానికి కప్ప బెకబెకలు తగిలించి ఫోన్లలో తిప్పారు. కాలేజీకి వెళ్లిన మొదటిరోజే వెనక బెంచీలోంచి ఎవరో బెకబెకమన్నారట. రెండోరోజు నుంచి ఆ పిల్ల వెళ్లడం మానేసింది.

"ఏదీ, ఇంకోసారి చెప్పు తల్లీ," అన్నాడు తండ్రి, మూతి తుడుచుకుంటూ. "ఇవాళ మన ఫిర్యాదు మీద విచారణలో క్రీడా సంఘం పెద్దాయన అడుగుతాడు, నువ్వు ఆగావా అని. నువ్వేమంటావు?"

బుడుంగు రొట్టె నములుతూ ఉండిపోయింది.

"ఆగాను అంటావు. ఒక్క మాట. మిగతాది మన వీడియో చెప్తుంది."

"నాన్నా, నేను ఆ రోజు..."

"నువ్వే తప్పూ చెయ్యలేదు. ముందు అది బుర్రలో పెట్టుకో. ఆ జడ్జికి కళ్లు కనపడకపోతే నీదా తప్పు?"

"అవునమ్మా, నువ్వేం తప్పు చెయ్యలేదు," అని తల్లి కూడా వంత పాడింది. ఆ పోటీ అయిన రాత్రి నుంచి ఇంట్లో ఈ మాట అనని పూట లేదు. ఏడవబోతే ఏడవకు అన్నారు, మాట్లాడబోతే వద్దులే మర్చిపో అన్నారు. బుడుంగు తల్లివైపు ఒకసారి చూసి, రొట్టె సగం ప్లేటులోనే వదిలేసి తన గదిలోకి వెళ్లిపోయింది.

"మధ్యాహ్నం ఆ పొడుగమ్మాయి ఇక్కడికే వస్తుంది," అన్నాడు తండ్రి. "అందరం కలిసే వెళ్దాం. నువ్వు నా నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టు. నేను క్షవరం చేయించుకొస్తాను."

"ఉన్న నాలుగు వెంట్రుకలకీ అదొకటా," అంది ఆవిడ. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆవిడకీ కొంచెం ధైర్యం వచ్చింది.

ఆయన పెళ్లి వీడియోలు తీసే మనిషి. ఇంటి ముందుగది స్టూడియో. బొమ్మ పని ఆయనది, చప్పుడు పని ఆవిడది. ఆయన చేతిలో పడిందంటే ఏ పెళ్లయినా సుఖంగా జరిగి తీరాల్సిందే. అలిగి కూర్చున్న పెళ్లికొడుకు, చొక్కాలు పట్టుకున్న బావమరుదులు, ముక్కు చీదుకుంటున్న పెళ్లికూతురు, వీళ్లెవరూ ఆ వీడియోల్లో మిగలరు. ఆవిడ ఆ పైన తీయని సంగీతం పరుస్తుంది. చూసినవాళ్లంతా మా ఇంట్లో పెళ్లి ఇంత బాగా జరిగిందా అని వాళ్లే ఆశ్చర్యపోతారు. ఆ చేతులతోనే ఆయన గ్యాలరీలో నిలబడి కూతురి ఈత కూడా తీశాడు. అప్పటినుంచీ ఒక్క పెళ్లి పని కూడా ముట్టుకోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఒక్క దూకడాన్నే ముందుకీ వెనక్కీ తిప్పుతూ వచ్చాడు.

చొక్కా ఇస్త్రీ చేసి ఆవిడ స్టూడియోలోకి వెళ్లింది. తెర మీద వీడియో సిద్ధంగా ఉంది. పొడుగక్క చెయ్యి గోడకు తగిలింది, బుడుంగు పాదాలు దిమ్మ వదిలాయి. రెండూ ఒక్కసారే జరిగాయి, పట్టడానికి సందే లేదు. ఆవిడ గుండెల మీది బరువు దిగిపోయింది. వీడియోకి చప్పుడు మాత్రం లేదు. హాల్లో గోల ఎక్కువగా ఉందని తీసేశానని ఆయన ముందే చెప్పాడు.

చప్పుడు లేని బొమ్మని జనం నమ్మరని ఆవిడకి ఇన్నేళ్ల పనిలో బాగా తెలుసు. ఆయన వచ్చేలోపు ఆ పని కాస్తా చేసిపెడదామని కెమెరాలోంచి అసలు చప్పుడు తీసి బొమ్మ కింద పరిచింది. మొదటి ఈల దగ్గర రెండూ సరిగ్గా కలిశాయి. మొదటి అమ్మాయి దూకినప్పుడు కలిశాయి, రెండో అమ్మాయి దగ్గరా కలిశాయి, పొడుగక్క దగ్గరా కలిశాయి. బుడుంగు దగ్గరికి వచ్చేసరికి బొమ్మలో పిల్ల నీళ్లలో పడిపోయాక చప్పుడు వచ్చింది.

తనే ఎక్కడో పొరపాటు చేశానేమోనని ఆవిడ మళ్లీ మొదటినుంచి పరిచింది. మళ్లీ అలాగే వచ్చింది. చప్పుడు పొడుగ్గా ఉంది, బొమ్మ పొట్టిగా ఉంది. తేడా రెప్పపాటంతే. అయినా ఆ రెప్పపాటు ఎక్కడికి పోయిందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు వీడియో తెరిచింది. దాన్ని నిదానంగా నడిపించింది. పొడుగక్క చెయ్యి నీళ్లమీద చాచుకుని వస్తోంది, గోడ ఇంకా జానెడు దూరంలో ఉంది. గ్యాలరీ గోలంతా దాటుకుని, కెమెరా పక్కనుంచే ఒక ఆడగొంతు గట్టిగా "దూకవే" అని అరిచింది. ఆ వెంటనే బుడుంగు పాదాలు లేచాయి. పొడుగక్క చెయ్యి అప్పటికి గోడను తాకలేదు.

ఆ గొంతు ఆవిడదే. వీడియోల్లో ఎన్ని గొంతులు శుభ్రం చేసిందో, తన గొంతు తనకి తెలియదా. ఆ అరుపు దగ్గరికి వెనక్కి తిప్పి మళ్లీ వింది.

తండ్రి నున్నటి గడ్డంతో, తాళం చెవులు తిప్పుకుంటూ వచ్చాడు. తెర చూడగానే వాటిని తిప్పడం ఆపేశాడు.

"అది ఎందుకు తెరిచావు?"

"మీరు అందులోంచి కత్తిరించారు."

"రెప్పపాటు తీశాను. పెళ్లిళ్లలో గంటలకి గంటలు తీసి పారెయ్యట్లేదా? ఎప్పుడైనా అడిగావా నువ్వు?"

"పెళ్లిళ్లలో తీస్తే ఎవరి కొంపా మునగదు. ఇది చూపిస్తే ఆ జడ్జి పరువేం కావాలి? ఆవిడ చూసింది చూసినట్టు చెప్పింది. దానికి ఆవిణ్ణి ఇంటికి పంపించేస్తారు."

"పంపించనీ," అన్నాడాయన. "నాకు ఆవిడెవరు? రోజూ రాత్రి నేను దాని గది తలుపు తీసి, ఊపిరి ఆడుతోందో లేదో చూసొచ్చి పడుకుంటున్నాను. నీకది తెలుసా? పచ్చ దీపం పడినా రోడ్డు దాటదు. దానికి ఒక్కసారి ఎవరైనా పెద్దవాళ్లు నీ తప్పు లేదమ్మా అంటే చాలు, మళ్లీ మామూలు మనిషవుతుంది. అందుకోసం ఏం చెయ్యమన్నా చేస్తాను."

భయం తనకొక్కదానికే అనుకుంది ఇన్నాళ్లూ.

"చప్పుడు ఎందుకు తీసేశారు?" అని అడిగింది చివరికి.

ఆయన తల దించుకున్నాడు.

"నా అరుపు విన్నారు కదూ."

"మొదటి రోజే విన్నాను," అన్నాడు మెల్లిగా. "నువ్వు వింటే బతికినన్నాళ్లూ నిన్ను నువ్వే కొరుక్కు తింటావని, ఆ గోల వంకపెట్టి తీసేశాను. నిన్నీ వీడియో దగ్గరికి రానివ్వకూడదనుకున్నాను."

తండ్రి మాట ముగిసేదాకా బుడుంగు గుమ్మం అవతలే నిలబడింది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. తల్లి లేచి వెళ్లి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"నా వల్లేనమ్మా. నేను అరిచాను, నువ్వు దూకావు. నీ తప్పు కాదు, నాది. నేనే వచ్చి అందరికీ చెప్తాను."

బుడుంగు నవ్వింది. తల్లి చేతుల్లోంచి తన చేతులు విడిపించుకుంది.

"నాకేం వినపడలేదమ్మా. చెవుల మీద రెండు ఈత టోపీలు, దిమ్మ ఎక్కాక పక్కనే ఇల్లు కూలినా వినపడదు. నువ్వు అరిచావని ఇప్పుడే తెలిసింది నాకు."

"మరి?"

"పక్క వరసలో పిల్ల మాకంటే ముందొస్తోందనిపించింది. అక్క చెయ్యి కనపడుతోంది, ఇంకా తగల్లేదని కూడా కనపడుతోంది. ఆగలేకపోయాను. అంతే." ఊపిరి పీల్చుకుని మళ్లీ అంది. "గాల్లో ఉండగానే తెలిసిపోయింది నాకు. నీళ్లలో పడకముందే. తెలిసీ అంత దూరమూ ఈదాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఈదలేదు. ముందు గోడ తాకాను. మీరంతా లేచి గంతులేస్తున్నారు, అక్క ఏడుస్తూ నన్ను పట్టుకుని ముద్దులు పెట్టేస్తోంది. అంతమందిలో నాకొక్కదానికే తెలుసు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం తల్లీ?" అన్నాడు తండ్రి.

"ఎవరికి చెప్పను నాన్నా?" ఆ పిల్ల గొంతు మొదటిసారి లేచింది. "ఈ ఇంట్లో నేను ఓడిపోలేదు కదా. నువ్వు ఆ జడ్జిని తిట్టడంలో ఉన్నావు, అమ్మ నాకు తినిపించడంలో ఉంది. నోరు తెరిస్తే చాలు, నీ తప్పు లేదు, నీ తప్పు లేదు. తప్పు నాదే. మొదట జడ్జిది అన్నారు, ఇప్పుడు అమ్మది అంటున్నారు. నాకు మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా లాక్కుంటారేం?"

సరిగ్గా అప్పుడే వీధి తలుపు గంట మోగింది.

పొడుగక్క జట్టు కోటు తొడుక్కుని, జుట్టు బిగించి దువ్వుకుని వచ్చింది. మొహం కళకళలాడుతోంది. "నమస్తే ఆంటీ. అంకుల్, వీడియో పెట్టుకున్నారు కదా? మా కోచ్ సారు సరాసరి అక్కడికే వస్తానన్నారు," అంటూ బుడుంగు భుజం మీద చెయ్యి వేసింది. "ఏంటే, ఆ మొహం? ఇవాళ్టితో అన్నీ అయిపోతాయి."

"అక్కా, నేను ముందే దూకాను."

"అది కాదమ్మా, పిల్ల నీరసంగా ఉండి..." అని తండ్రి అందుకోబోయాడు.

"మీరు ఊరుకోండి," అంది తల్లి. పెళ్లయినప్పటినుంచీ ఆవిడ ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది లేదు.

పొడుగక్క ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత, "చూపించండి," అంది.

అసలు వీడియోని తల్లే నడిపించింది. చప్పుడు కూడా ఉంచింది. గదిలో ఆవిడ అరుపు మళ్లీ వినపడింది, పాదాలు మళ్లీ ముందే లేచాయి. పొడుగక్క ఇంకోసారి వెయ్యమనలేదు. జట్టు కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ నిలబడింది.

"మనల్ని పోటీలోంచి తీసేశాక నేను ఏడవలేదు తెలుసా," అంది ఎవరివైపూ చూడకుండా. "ఇంటికి వెళ్లేసరికి అంకుల్ ఫోన్ చేశారు. మీరు గెలిచారమ్మా, నేను రుజువు చేస్తాను అన్నారు. మా ఇంట్లో అందరికీ చెప్పేశాను. శిబిరానికి పనికొస్తాయని అమ్మ బట్టలు కొని పెట్టె సర్దేసింది. రోజూ పొద్దున్నే లేచి ఈదుతూనే ఉన్నాను నేను. దేనికోసం ఈదినట్టు?"

"అక్కా..."

"నువ్వు దూకినందుకు కాదే నాకు కోపం. నీ చోట నేనుంటే నేనూ దూకేదాన్నేమో. నాకు ఒక్కసారి ఓడిపోతే సరిపోయేది. ఇన్నాళ్లూ ఆశపడనిచ్చి, ఇప్పుడు మళ్లీ ఓడించావు." గుమ్మం దగ్గర ఆగింది. "క్షమించమని అడక్కు. ఇప్పుడు నావల్ల కాదు. ఎప్పటికవుతుందో కూడా తెలీదు."

"నేను బండి మీద దింపుతానమ్మా," అన్నాడు తండ్రి.

"వద్దంకుల్. మీరు ఇంకేం సాయం చెయ్యకండి," అని ఆ పిల్ల మెట్లు దిగి వెళ్లిపోయింది.

తండ్రి నీలం చొక్కా అలాగే కుర్చీ వీపు మీద వేలాడుతోంది. ఆయన ఫోన్ తీసి, పెట్టేసి, మళ్లీ తీశాడు. క్రీడా సంఘం వాళ్ల నెంబరు కలిపాడు. అవతలివాళ్లు ఎవరు మాట్లాడేది అని అడిగినట్టున్నారు. ఫలానా అమ్మాయి తండ్రినని చెప్పాడు.

"విచారణ అక్కర్లేదండీ. మా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం." ఆగాడు. కూతురివైపు చూశాడు. "మా అమ్మాయి ముందే దూకింది. జడ్జిగారు సరిగ్గానే చూశారు. ఆవిడకి నా తరఫున... లేదులెండి, నేనే వచ్చి ఆవిడతో మాట్లాడతాను."

ఫోన్ పెట్టేశాక కూడా దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఈ కొద్దిరోజుల్లోనే ఆ మనిషి ఎంత ముసలివాడైపోయాడో తల్లి అప్పుడు చూసింది.

బుడుంగు గోడకి ఆనుకుని నేలమీద చతికిలపడింది. కళ్లు పొడిగా ఉన్నాయి. పెదవులు మాత్రం ఏదో అనబోతున్నట్టు కదిలి ఊరుకుంటున్నాయి. తల్లి వెళ్లి పక్కనే కూర్చుంది. అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట, నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా అని. పళ్ల బిగువున ఆపుకుంది. కడుపున పుట్టిన పిల్లకి తెచ్చి తెచ్చి పెట్టిన ఆ మాటే ఇన్నాళ్లూ దాని గొంతుకి అడ్డం పడి ఉందని ఆవిడకి అప్పుడు అర్థమైంది. పిల్ల ఓడిపోయి ఇంటికి వస్తే, ఓడిపోయిన పిల్లని ఇంట్లోకి రానివ్వలేదు తాము. గెలిచి ఉండాల్సిన పిల్ల కోసం తలుపు తీసి కూర్చున్నారు.

ఆ తర్వాత అన్న మాట అనడానికి ఆవిడకి కన్నతల్లి ధైర్యమంతా కావలసి వచ్చింది.

"అవునమ్మా," అంది. "ముందే దూకావు. నీ వల్లే ఓడిపోయారు మీరు. పాపం ఆ పిల్ల శిబిరం పోయింది."

బుడుంగు తలెత్తి తల్లి కళ్లలోకి చూసింది. మాట పూర్తయిందా, వెనకాల కానీ అని ఇంకేమైనా ఉందా అని వెతికినట్టు చూసింది. ఏమీ లేదు. అప్పుడు ఆ పిల్ల మొహం చిన్నప్పటి మొహంలా నలిగిపోయింది. తల్లి ఒళ్లో తల పెట్టుకుని, వెక్కి వెక్కి, ఊపిరాడనంత ఏడ్చింది. తండ్రి కుర్చీలోంచి లేచి వచ్చి అవతలి పక్క నేలమీద కూలబడ్డాడు. కూతురి పాదాలు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

వీధిలోకి వినపడేలా ఏడ్చింది ఆ పిల్ల. ఏడవకమ్మా అని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.